అడ్డపొగ ఊళ్లకు ఒక పద్దు కావాలి

(ప్రపంచ క్యాన్సర్ దినం సందర్భంగా శ్రీకాకుళంలో జరిగిన సభలో ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలి ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. పేరుపేరునా పలకమని చీటీ రాసి ఇచ్చారు. అధ్యక్షుల వారు మన్నించాలి, చీటీ పొడుగ్గా ఉంది, నాకిచ్చిన సమయం కొంచెమే. ముందు వరుసలో ఉన్న ఆశా కార్యకర్తలకు మాత్రం విడిగా నమస్కారం పెడుతున్నాను. నేను చెప్పబోయేది వాళ్ల పని గురించే.

‘క్యాన్సర్ నివారణ, ప్రభుత్వ నిధులు’ అని అంశం ఇచ్చారు. నిధులంటే అంకెలు చెప్పాలి, చెబుతాను. ముందు మన తీరం ఊళ్ల అడ్డపొగ సంగతి చెప్పనివ్వండి.

ఇక్కడి పెద్దవాళ్లకు ఇది తెలియనిది కాదు. కాలేజీ పిల్లల కోసం చెబుతున్నాను. చుట్ట వెలిగించి, మండే కొసను నోట్లోకి తిప్పుకొని పెదవులు మూస్తారు. అలా కాల్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. సముద్రపు గాలికి చుట్ట ఆరదు, నుసి రాలదు, రెండు చేతులూ పనిలో ఉంటాయి. ఆ నిప్పు సెగ అంతా అంగిలికి తగులుతుంది. కొన్నేళ్లకు అంగిలి తెల్లగా మందం కడుతుంది, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు తేలుతాయి. ఆ దశలో చుట్ట మానేస్తే తగ్గుముఖం పట్టే అవకాశం ఉంది. ఎర్రగా పుండు పడి మానకపోతే మాత్రం ముక్క తీసి పరీక్షకు పంపాలి. దీన్ని మొదట్లో పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఒక టార్చిలైటు, నోట్లో పెట్టే చిన్న అద్దం, చూడటం నేర్చిన మనిషి చాలు.

ఇది ప్రభుత్వాలకు కొత్త సంగతా? 1960లలోనే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి దంత పరిశోధకులు మన జిల్లా ఊళ్లలో ఇంటింటికీ తిరిగి నోళ్లు చూశారు. తర్వాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో సుమారు 36,000 మంది పొగాకు అలవాటున్నవాళ్లకు నచ్చజెప్పి మాన్పించే ప్రయత్నం చేసి, ఫలితాలను 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. ఊరికి వెళ్లి, కూర్చోబెట్టి చెబితే మానేవాళ్లు పెరుగుతారనీ, నోట్లో కొత్త మచ్చలు తగ్గుతాయనీ మన పల్లెల్లోనే తేలింది. మన ఆడవాళ్ల అంగిళ్ల గురించి ప్రపంచమంతా చదివింది. ఆ చదివిన దానికి తగ్గ డబ్బు మన ఊళ్లకు ఏటా ఎందుకు రాలేదు? నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అడిగిన ప్రశ్న ఇది. పదవీ విరమణ చేశాక కూడా అడుగుతున్నాను.

చేపల గంప మోసే ఒక పెద్దమ్మ గురించి చెప్పాలి. పేరు చెప్పను. శిబిరంలో ఆమె నోరు తెరిపించి చూస్తే అంగిలి మీద చిటికెన వేలి గోరంత ఎర్రటి పుండు ఉంది. విశాఖపట్నం వెళ్లమని చీటీ రాశాను. ఆమె చీటీని తిరగేసి చూసి, “వెళ్తానమ్మా, ఆ రోజు కూలి ఎవరిస్తారు? నాకు తోడు ఎవరొస్తారు?” అంది. బస్సు ఛార్జీలైనా ఇప్పించండని మా పైకార్యాలయంలో అడిగాను. ఆ పద్దు కింద డబ్బు లేదన్నారు. రాసి ఇమ్మన్నారు, రాసి ఇచ్చాను. జవాబు రాలేదు. రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా ‘పంపించాం’ అని ఉంది. ఆమె వెళ్లిందా లేదా అని రాయడానికి అందులో గడి కూడా లేదు.

నెలల తర్వాత చెంప వాచి, నోరు తెరుచుకోలేని స్థితిలో ఆమెను కొడుకు తీసుకువెళ్లాడు. ఆపరేషన్ జరిగింది, అంగిలిలో సగం తీసేశారు. గంజి తాగితే ముక్కులోంచి వచ్చేది. ఆ ఖర్చంతా ఆరోగ్యశ్రీ కింద ప్రభుత్వమే భరించింది. భరించడం న్యాయమే, ఆ పథకం లేకపోతే ఆ ఇల్లు అప్పులపాలయ్యేది. కానీ అయ్యా, అంత పెద్ద ఆపరేషనుకు డబ్బున్న ఖజానాలో బస్సు టిక్కెట్టుకు లేకుండా పోయింది. ఆమె ఏడాది తిరక్కుండానే పోయింది. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా నేను అనుకోవడం లేదు.

అంకెలు చెబుతానన్నాను. 2017 జాతీయ ఆరోగ్య విధానంలో, 2025 నాటికి ప్రభుత్వ ఆరోగ్య వ్యయం జీడీపీలో 2.5 శాతానికి చేరాలని, అందులో మూడింట రెండు వంతులకు తగ్గకుండా ప్రాథమిక ఆరోగ్యానికి ఇవ్వాలని రాసుకున్నారు. గడువు వచ్చింది, పోయింది, మనం అక్కడికి చేరలేదు. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ నోటి క్యాన్సర్, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు అయిదేళ్లకోసారి చేయాలని 2016 నుంచి మార్గదర్శకాలు ఉన్నాయి. పరీక్ష చేయమని ఉత్తర్వు వస్తుంది. అనుమానం వచ్చిన మనిషిని చెయ్యి పట్టుకొని ఆసుపత్రిదాకా తీసుకువెళ్లే డబ్బు ఆ ఉత్తర్వు వెంట రావడం లేదు.

పరీక్షల వల్ల ప్రాణాలు నిలుస్తాయా అని ఎవరైనా అడిగితే, తిరువనంతపురం చూడమనండి. తర్ఫీదు పొందిన కార్యకర్తలు కంటితో నోరు చూసినందుకే, పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయని 2005లో తేలింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు టీకానే ఉంది. సిక్కిం 2018లోనే ఆడపిల్లలకు ఇచ్చింది. దాని గురించి డాక్టరుగారు మాట్లాడతారు, నేను నోటి దగ్గరే ఆగుతాను.

ఆశా అమ్మాయిలూ, మీరు తలెత్తండి. ఇంటింటికీ తిరిగేది మీరు, ఫోన్లో వివరాలు ఎక్కించేది మీరు, “మళ్లీ ఎందుకొచ్చారు” అని మాట పడేది మీరు. ఒక మనిషిని రెండోసారి, మూడోసారి వెళ్లి బతిమాలినందుకు మీకు విడిగా డబ్బు ఇవ్వాలని నేను అడుగుతున్నాను. ముక్క తీసే పరీక్ష ఏరియా ఆసుపత్రిలోనే జరగాలి. రోగికీ తోడు వచ్చేవారికీ ప్రయాణ ఖర్చు, ఆ రోజు కూలి ఇవ్వాలి. పొగాకు మీద పన్ను వసూలవుతూనే ఉంది కదా, అందులోంచి ఇవ్వండి.

అడిగితే వస్తుందా అని వెనక ఎవరో అంటున్నారు. ఉద్దానంలో కిడ్నీ రోగులు, వాళ్ల ఇళ్లవాళ్లు ఏళ్ల తరబడి రోడ్డెక్కి అడిగారు. 2023లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. అడ్డపొగ ముసలమ్మలు రోడ్డెక్కరు. వాళ్ల తరఫున మనమే అడగాలి.

ఈ సభలో సర్పంచులు ఉన్నారు, జిల్లా పరిషత్ సభ్యులు ఉన్నారు. గ్రామసభలో పెట్టే తీర్మానం నమూనా తలుపు పక్కన బల్ల మీద ఉంచాను, తలా ఒకటి తీసుకోండి. మీ ఊరికి తగ్గట్టు మార్చుకోవచ్చు. రోగి ప్రయాణ ఖర్చు, కూలి అన్న వాక్యం మూడో పేరాలో ఉంది. దాన్ని మాత్రం ఎవరు చెప్పినా కొట్టేయకండి.