బాల్కన్‌లో ముస్లింలు ఎంతమంది? శాతం పెరిగింది, మనుషులు తగ్గారు

(తెర మీద బాల్కన్ మ్యాప్. ఒక్కో దేశం మీద ఒక్కో శాతం వెలుగుతుంది.)

ఆగ్నేయ ఐరోపాలోని బాల్కన్ ప్రాంతం ఇది. కొసావోలో నూటికి 90 మందికి పైగా ముస్లింలు. సరిహద్దు దాటి సెర్బియాలోకి వెళ్తే ఐదుగురు కూడా ఉండరు. ఉత్తర మాసిడోనియాలో దాదాపు మూడో వంతు, మాంటెనెగ్రోలో ఐదో వంతు, బల్గేరియాలో ఇంచుమించు పదో వంతు.

ఇంత చిన్న ప్రాంతంలో ఇంత తేడా ఎందుకు? వందల ఏళ్ల ఒట్టోమన్ పాలనలో ఇక్కడి స్థానికులే చాలామంది ఇస్లాంలోకి మారారు. వాళ్లు బయటి నుంచి వచ్చినవాళ్లని చాలామంది అనుకుంటారు. బల్గేరియాలోని టర్కుల లాంటివాళ్లను పక్కన పెడితే అది పొరపాటే. బోస్నియా ముస్లింలు స్లావులు. పక్కింటి సెర్బులు, క్రొయాట్‌లు మాట్లాడే భాషనే దాదాపుగా వాళ్లూ మాట్లాడతారు.

(తెర మీద బోస్నియా. రెండు సంవత్సరాలు: 1991, 2013.)

ఇక్కడ కాసేపు ఆగుదాం. బోస్నియా యుగోస్లావియాలో భాగంగా ఉన్న కాలంలో ఒక వింత ఉండేది. 1971 జనాభా లెక్కల నాటికి 'ముస్లిం' అన్నది మతం పేరే కాదు, ఒక జాతి పేరు కూడా. దేవుణ్ణి నమ్మని కమ్యూనిస్టు కూడా జాతి గడిలో 'ముస్లిం' అని రాసుకోవచ్చు! యుగోస్లావియా విడిపోయాక బోస్నియాలో యుద్ధం (1992-95) నడుస్తుండగానే, 1993లో, సారయేవోలో సమావేశమై ఈ జాతికి 'బోస్నియాక్' అన్న పేరు ఖాయం చేసుకున్నారు.

ఇప్పుడు లెక్క చూడండి. 1991లో వీళ్లు జనాభాలో 43.5 శాతం. 2013లో 50 శాతం దాటారు. శాతం ఒక్కటే చూస్తే సంఖ్య బాగా పెరిగిందనిపిస్తుంది. కానీ 1991లో 19 లక్షల మంది ఉంటే, 2013లో 17 లక్షల 70 వేలే మిగిలారు. మనుషులు తగ్గారు, శాతం పెరిగింది. ఎందుకంటే సెర్బులు, క్రొయాట్‌లు ఇంకా ఎక్కువగా తగ్గారు. మొత్తం జనాభా 44 లక్షల నుంచి 35 లక్షలకు పడిపోయింది. ఆ తేడాలో యుద్ధంలో చనిపోయినవాళ్లున్నారు, ఊళ్లు వదిలి వెళ్లి తిరిగి రానివాళ్లున్నారు. 1995లో స్రెబ్రెనిత్సా పట్టణంలో బోస్నియా సెర్బు సైన్యం చంపేసిన 8 వేల మందికి పైగా బోస్నియాక్ మగవాళ్లు, అబ్బాయిలు ఉన్నారు. ఆ 50 శాతం చూసినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

(తెర మీద బల్గేరియా.)

బల్గేరియాలో యుద్ధం లేదు. అయినా 1984 చివర్లో అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వం టర్కుల పేర్లను బలవంతంగా మార్చింది. 1989లో 3 లక్షల మందికి పైగా టర్కీకి వెళ్లిపోయారు. తర్వాత కొందరు తిరిగొచ్చారు.

(తెర మీద అల్బేనియా.)

అల్బేనియా కథ వేరు. 1967లో ఎన్వర్ హోజా కమ్యూనిస్టు ప్రభుత్వం మతాన్నే నిషేధించింది. మసీదులు, చర్చిలు అన్నీ మూతపడ్డాయి. 2011 లెక్కల్లో 57 శాతం మంది ముస్లింలమన్నారు, దాదాపు 14 శాతం మంది మతం గురించి జవాబే ఇవ్వలేదు. 2023 నాటికి బెక్తాషీలను కలిపినా ముస్లింలు సుమారు సగమే. బెక్తాషీ అన్నది ఒక సూఫీ మార్గం. 1925లో టర్కీ సూఫీ మఠాలను మూసేయడంతో దాని ప్రపంచ కేంద్రం టిరానాకు వచ్చింది.

(తెర మీద ఉత్తర మాసిడోనియా.)

చివరిగా ఉత్తర మాసిడోనియా. అల్బేనియన్ల సాయుధ తిరుగుబాటును ముగించిన 2001 ఓహ్రిద్ ఒప్పందం ప్రకారం ఒక జాతివాళ్లు మున్సిపాలిటీలో 20 శాతం ఉంటే అక్కడ వాళ్ల భాషకు అధికార హోదా. ముస్లింలలో ఎక్కువమంది అల్బేనియన్లు కాబట్టి ఒక్క శాతం కూడా వాళ్లకు చిన్న విషయం కాదు. విదేశాల్లో ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లను లెక్కించాలా వద్దా అన్న గొడవతో 2011 లెక్కలు మధ్యలోనే ఆగిపోయాయి. 2021లో మళ్లీ లెక్కించారు. ఈసారి బయట ఉన్నవాళ్లూ పేర్లు నమోదు చేసుకున్నారు. కానీ దేశంలో ఉంటున్నవాళ్లుగా ప్రకటించిన 18 లక్షల 36 వేల మందిలో వాళ్లను చేర్చలేదు.