గీతకూ సున్నాకూ మధ్య: ఒక్క రోజు బేస్‌బాల్ ఆటగాళ్లు

సభకు నమస్కారం.

బేస్‌బాల్ రికార్డుల పుస్తకంలో ఇరవై ఏళ్లు ఆడినవాడికి ఏడాదికొకటి చొప్పున ఇరవై వరుసలుంటాయి. ఒకే ఒక్క మధ్యాహ్నం ఆడినవాడికి ఒకే వరుస. అక్షరాల పరిమాణం మాత్రం ఇద్దరికీ ఒకటే. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ ఒంటి వరుస మనుషుల గురించి, మరీ ముఖ్యంగా ఆ వరుసలో బ్యాటింగ్ సగటు ఉండవలసిన చోట కనిపించే రెండు గుర్తుల గురించి. ఒకటి సున్నా, రెండోది చిన్న అడ్డగీత. సున్నా ఉంటే అతనికి అవకాశం వచ్చిందని, బంతిని కొట్టలేకపోయాడని అర్థం. గీత ఉంటే లెక్కలోకి వచ్చే అవకాశమే రాలేదని అర్థం. చదివేవాడికి రెండూ ఒకటేలా కనిపిస్తాయి గాని, ఆడినవాడికి ఒకటి కావు.

మనం క్రికెట్ కళ్లతో చూసేవాళ్లం కనుక ఒక నిబంధన ముందే చెప్పుకోవాలి. బంతిని కొట్టి, పరుగు దారిలోని మజిలీ అయిన బేస్‌ను క్షేమంగా చేరితే అది హిట్. బేస్‌బాల్‌లో బ్యాటింగ్ సగటు అంటే కొట్టిన హిట్లను అట్‌బ్యాట్లతో, అంటే లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ వంతులతో, భాగిస్తే వచ్చే సంఖ్య. పదిసార్లలో మూడుసార్లు హిట్ కొట్టినవాడి సగటు .300, అది మంచి ఆటగాడి లెక్క. పిచ్చర్, అంటే బంతి వేసేవాడు, గురి తప్పిన బంతులు నాలుగు వేస్తే బ్యాటర్ కొట్టకుండానే మొదటి బేస్‌కు నడిచి వెళ్తాడు, దాన్ని వాక్ అంటారు. బంతి ఒంటికి తగిలినా అలాగే మొదటి బేస్ ఇస్తారు. ఈ రెండింటినీ అట్‌బ్యాట్ కింద లెక్కించరు. నేను చెప్పబోయే కథల్లో కొన్ని ఈ చిన్న నిబంధన చుట్టూనే తిరుగుతాయి.

ఇలా వచ్చి అలా వెళ్లిన ఆటగాడి గురించి అమెరికాలో 'కప్పు కాఫీ' అంటారు, కాఫీ తాగినంత సేపే ఉన్నాడని. ఆ మాటలోని వేళాకోళం నాకు అంతగా నచ్చదు. బేస్‌బాల్‌లో పై మెట్టయిన మేజర్ లీగుల్లో ఈనాడు ఉన్నవి 30 జట్లు, ఒక్కో జట్టులో 26 స్థానాలు, అంటే మొత్తం 780 కుర్చీలు. వాటి కోసం కింది మెట్టు మైనర్ లీగుల్లో కొన్ని వేలమంది చిన్న ఊళ్ల మధ్య బస్సుల్లో తిరుగుతూ ఆడుతుంటారు. చాలా కాలంపాటు సెప్టెంబరు ఒకటో తేదీ దాటాక జట్టును 40 మంది వరకు పెంచుకునే వీలుండేది. ఆ నెలలో కుర్రవాళ్లను పిలిచి, ఒకటి రెండు ఆటలు ఆడించి, వెనక్కి పంపేవారు. ఒంటి వరుస మనుషుల్లో చాలామంది ఆ నెల బిడ్డలే. 2020 నుంచి ఆ పరిమితిని 28కి తగ్గించారు.

గీత కథల్లో అందరికన్నా పేరున్నది ఆర్చిబాల్డ్ గ్రాహమ్‌ది. మూన్‌లైట్ అన్నది ఆయన ముద్దుపేరు. 1905 జూన్ 29న న్యూయార్క్ జెయింట్స్ జట్టు బ్రూక్లిన్‌లో ఆడుతూ చాలా ముందంజలో ఉంది. ఆట చివరికి వచ్చాక జట్టును నడిపే మేనేజర్ జాన్ మెక్‌గ్రా ఆయన్ను రైట్ ఫీల్డ్‌లోకి పంపాడు. ఆయన వైపు ఒక్క బంతీ రాలేదు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో జెయింట్స్ బ్యాటింగ్ చేస్తుండగా తరువాతి వంతు గ్రాహమ్‌దే. బ్యాట్ పట్టుకుని వంతు కోసం సిద్ధంగా ఉండగా ముందువాడు ఔటయ్యాడు, ఇన్నింగ్స్ ముగిసింది. ఆ తరువాత ఆయన మేజర్ లీగులో ఎన్నడూ ఆడలేదు. అందుకే అక్కడ గీత.

గ్రాహమ్ అప్పటికే వైద్యం చదువుతున్నవాడు. మైనర్ లీగుల్లో మరికొన్నాళ్లు ఆడి, మిన్నెసోటా రాష్ట్రంలో ఇనుప గనుల ఊరైన చిషమ్‌కు వెళ్లి స్థిరపడ్డాడు. దశాబ్దాలపాటు అక్కడి బడులకు వైద్యుడుగా ఉంటూ పిల్లల రక్తపోటు మీద పరిశోధన చేసి పత్రాలు ప్రచురించాడు. 1965లో కన్నుమూశాడు. రికార్డుల పుస్తకం తిరగేస్తున్న ఒక కెనడా రచయిత ఈ గీతను చూసి ఆగిపోయి 1982లో తన నవలలో ఆయన్ను పాత్రగా చేశాడు, 1989లో అది సినిమా అయింది. అందరూ ఆయన బ్యాట్ పట్టని లోటును తలుచుకుని కన్నీరు పెట్టుకుంటారు గాని, వేలమంది పిల్లల రక్తపోటు కొలిచిన వైద్యుణ్ణి మెచ్చుకునేవాళ్లు తక్కువ. ఆ గీత ఆయన జీవితంలో రెండు ఇన్నింగ్స్‌కు మాత్రమే గుర్తు.

గీతలోనే మరో రకం ఎడ్డీ గేడెల్‌ది. 1951 ఆగస్టు 19న సెయింట్ లూయిస్ బ్రౌన్స్ యజమాని బిల్ వీక్, జనాన్ని రప్పించే ఎత్తుగడగా 3 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న ఈ మనిషిని బ్యాటర్‌గా దించాడు. చొక్కా మీద అంకె 1/8. అంపైర్ అభ్యంతరం చెబితే మేనేజర్ ఒప్పందం కాగితం తీసి చూపించాడు. డెట్రాయిట్ పిచ్చర్ బాబ్ కేన్‌కు అంత చిన్న గురి దొరకలేదు. నాలుగు బంతులూ గురి తప్పాయి, గేడెల్ మొదటి బేస్‌కు నడిచాడు, అతని బదులు పరుగెత్తడానికి మరొకరు వచ్చారు. మర్నాడు అమెరికన్ లీగ్ అధ్యక్షుడు ఆ ఒప్పందాన్ని రద్దు చేశాడు. వాక్ లెక్కలోకి రాదు కనుక గేడెల్ సగటు చోట గీతే. ఈ ఘటనను తమాషాగా చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆపుతారు. పదేళ్ల తరువాత, 1961లో, 36 ఏళ్ల వయసులో గేడెల్ చనిపోయినప్పుడు బేస్‌బాల్ లోకం నుంచి అంత్యక్రియలకు వెళ్లినవాడు ఒక్కడే, ఆ నాలుగు బంతులు వేసిన బాబ్ కేన్.

ఇక సున్నాలు. 1936 సెప్టెంబరు 27, సీజన్ ఆఖరి రోజు. సెయింట్ లూయిస్ కార్డినల్స్ మొదటి బేస్ ఆటగాణ్ణి అంపైర్ బయటకు పంపడంతో వాల్టర్ ఆల్‌స్టన్ అనే కొత్తవాడు దిగాడు. ఒక్కసారి బ్యాటింగ్‌కు వచ్చి స్ట్రైకౌట్ (మూడు మంచి బంతులు కొట్టలేక ఔట్) అయ్యాడు, ఫీల్డింగ్‌లో రెండు బంతులు వస్తే ఒకటి వదిలేశాడు. ఇదే ఆల్‌స్టన్ 1954 నుంచి 1976 వరకు 23 ఏళ్లు డాడ్జర్స్ జట్టుకు మేనేజర్‌గా ఉండి మేజర్ లీగుల చివరి టైటిల్ పోరైన వరల్డ్ సిరీస్‌ను నాలుగుసార్లు గెలిపించాడు. ఆ 23 ఏళ్లూ ఏటికేడు ఒక ఏడాది ఒప్పందం మీదే పనిచేశాడు.

సున్నాను మించిన చిత్రం కూడా ఉంది. 1922లో క్లీవ్‌ల్యాండ్ పిచ్చర్ డాక్ హామన్ ఏడుగురు బ్యాటర్లకు బంతులు వేసి ఒక్కరినీ ఔట్ చేయలేకపోయాడు, ఆరు పరుగులిచ్చాడు. పిచ్చర్ సగటు లెక్క ఔట్ల మీద ఆధారపడుతుంది, భాగించడానికి అక్కడ ఏమీ లేదు. కనుక అతని పేరు పక్కన అనంతానికి గుర్తు వేస్తారు.

అల్ ట్రావర్స్‌ను పిలిచింది సమ్మె. 1912 మే నెలలో డెట్రాయిట్ ఆటగాడు టై కాబ్ ప్రేక్షకుల్లోకి దూకి, తనను తిడుతున్న ఒకాయన్ను కొట్టాడు. లీగ్ అతణ్ణి సస్పెండ్ చేస్తే జట్టంతా ఆడనని భీష్మించింది. జట్టును దించకపోతే 5,000 డాలర్ల జరిమానా పడుతుందని డెట్రాయిట్ యాజమాన్యం ఫిలడెల్ఫియాలో దొరికినవాళ్లను దొరికినట్టు పోగుచేసింది. పిచ్చర్‌గా దొరికినవాడు సెయింట్ జోసెఫ్స్ కాలేజీ విద్యార్థి ట్రావర్స్. ఎనిమిది ఇన్నింగ్స్‌లో 26 హిట్లు, 24 పరుగులు ఇచ్చి 24-2తో ఓడాడు. తరువాత జెస్యూట్ మతగురువు అయ్యాడు. సమ్మె చేసినవాళ్లు తిరిగి వచ్చేశారు, ట్రావర్స్ పరుగులు మాత్రం అతని పేరు మీదే ఉండిపోయాయి.

బర్ట్ షెపర్డ్ వరుస వెనుక ఉన్నది యుద్ధం. 1944లో జర్మనీ మీద ఎగురుతుండగా అతని విమానం కూలింది, కుడి కాలు మోకాలి కింద తీసేశారు. యుద్ధఖైదీల శిబిరంలో తోటి ఖైదీ చేసిచ్చిన కృత్రిమ పాదంతో నడక నేర్చుకుని మళ్లీ బంతి పట్టాడు. 1945 ఆగస్టు 4న వాషింగ్టన్ సెనేటర్స్ తరఫున, బేస్‌లన్నీ నిండి ఉండగా వచ్చి, ఆ ఇన్నింగ్స్‌ను స్ట్రైకౌట్‌తో ముగించాడు. మొత్తం అయిదుంబావు ఇన్నింగ్స్‌కు కాస్త ఎక్కువ వేసి మూడు హిట్లు, ఒక్క పరుగు మాత్రమే ఇచ్చాడు. అతనికి రెండో ఆట రాలేదు.

ఇంతదాకా చెప్పినవాళ్లంతా ఏదో ఒకటి కోల్పోయినవాళ్లు. అన్నీ పొంది కూడా ఒక్క రోజుతో ఆగిన కుర్రవాడు ఒకడున్నాడు. 1963 సెప్టెంబరు 29న హ్యూస్టన్ జట్టులో 18 ఏళ్ల జాన్ పాషోరెక్ న్యూయార్క్ మెట్స్ మీద ఆడాడు. మూడు అట్‌బ్యాట్లు, మూడు హిట్లు, రెండు వాక్‌లు, నాలుగు పరుగులు. ఆ రోజు బ్యాటింగ్ చేసే చోటైన ప్లేట్ దగ్గరకు వచ్చిన అయిదుసార్లూ బేస్ చేరాడు. మరుసటి ఏడాది వెన్నుకు శస్త్రచికిత్స జరిగింది, మైనర్ లీగుల్లో మరికొన్నేళ్లు కష్టపడినా పైకి పిలుపు రాలేదు. తరువాత కాలిఫోర్నియాలో వ్యాయామ ఉపాధ్యాయుడయ్యాడు. తమ్ముడు టామ్ 18 సీజన్లు ఆడాడు. అన్న సగటు 1.000గా నిలిచిపోయింది. మన క్రికెట్ అభిమానులకు ఇక్కడ వెస్టిండీస్ ఆటగాడు ఆండీ గాంటోమ్ గుర్తొస్తాడు: 1948లో ఒకే టెస్టు, ఒకే ఇన్నింగ్స్, 112 పరుగులు. సగటులో బ్రాడ్‌మన్ 99.94 కన్నా పైన. ఈ సంఖ్యలు అబద్ధం చెప్పవు, కానీ ఏమీ చెప్పవు కూడా. పాషోరెక్ 1.000 ఆటగాడని ఎవరూ నమ్మరు, ఆల్‌స్టన్ వట్టి సున్నా అనీ నమ్మరు.

ఈ వరుస కూడా దక్కనివాళ్ల ప్రస్తావన లేకుండా ముందుకు పోలేను. 2006 సెప్టెంబరులో ఫిలడెల్ఫియా జట్టు బ్రయాన్ మజోన్‌ను ఒక ఆటకు ఆరంభ పిచ్చర్‌గా పిలిచింది. ఆ రోజు వాన కురిసి ఆట రద్దయింది, అతనికి మరో ఆట రాలేదు. మన దేశం నుంచి 2008లో ఒక పోటీ ద్వారా ఎంపికై పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్న రింకూ సింగ్ (నేటి క్రికెటర్ కాదు), దినేశ్ పటేల్ కూడా మేజర్ లీగ్ మెట్టు ఎక్కలేకపోయారు.

వరుస పొడవు డబ్బుకూ సంబంధించినదే. పింఛనుకు ఒకప్పుడు నాలుగేళ్ల సర్వీసు కావాలి. 1980లో ఆటగాళ్ల సంఘం కుదుర్చుకున్న ఒప్పందంతో అది 43 రోజులకు తగ్గింది, వైద్య బీమాకు ఒక్క రోజు చాలు. అయితే ఆ మార్పు 1980కి ముందే ఆట మానేసినవాళ్లకు వర్తించలేదు. 1947 నుంచి 1979 మధ్య ఆడి, నాలుగేళ్లు నిండని వందలమంది అలా మిగిలారు. 2011లో వాళ్లకు ఏడాదికి గరిష్ఠంగా 10,000 డాలర్ల వరకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు, అదీ 43 రోజుల లెక్కనే. ఆటగాడు పోతే భార్యకు అది రాదు. సగటును మూడు దశాంశాల దాకా నిక్కచ్చిగా లెక్కగట్టే ఆట, తన వాళ్ల రోజులను కూడా అంతే నిక్కచ్చిగా లెక్కగట్టింది.

చివరగా ఆడమ్ గ్రీన్‌బర్గ్. 2005 జులై 9న చికాగో కబ్స్ తరఫున ఫ్లోరిడా మార్లిన్స్ మీద తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బ్యాటింగ్‌కు వచ్చాడు. జీవితంలో ఎదుర్కొన్న మొదటి మేజర్ లీగ్ బంతి, గంటకు 92 మైళ్ల వేగంతో వచ్చి తలకు తగిలింది. చాలాకాలం తల తిరుగుడు వదలలేదు. మైనర్ లీగుల్లో తిరిగి ఆడినా పైకి పిలుపు రాలేదు. బంతి ఒంటికి తగిలింది కనుక అట్‌బ్యాట్ లేదు, కనుక సగటు చోట గీత. బేస్ చేరిన శాతం మాత్రం 1.000. ఏడేళ్ల తరువాత అభిమానులు అతనికి ఒక్క అట్‌బ్యాట్ ఇమ్మని ప్రచారం చేశారు, మార్లిన్స్ జట్టే ముందుకొచ్చి ఒక్క రోజుకు ఒప్పందం రాసింది. ఇది జాలి చూపడమేనని, పోటీ ఆటకు తగదని అప్పట్లో కొందరన్నారు. ఆ వాదనలో కొంత నిజముంది, అయినా నేను ఆ పక్షం కాదు.

2012 అక్టోబరు 2న మయామీలో ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొడుతుండగా గ్రీన్‌బర్గ్ ప్లేట్ దగ్గరకు వచ్చాడు. ఎదురుగా మెట్స్ పిచ్చర్ ఆర్.ఎ. డికీ, ఆ ఏడాది నేషనల్ లీగ్ ఉత్తమ పిచ్చర్ పురస్కారం అందుకున్నవాడు, గాలిలో వంకర తిరిగే నకుల్‌బాల్‌కు పేరుపడ్డవాడు. కనికరం చూపలేదు. మూడు బంతుల్లో స్ట్రైకౌట్. గ్రీన్‌బర్గ్ డగౌట్‌కు తిరిగి వస్తే జట్టువాళ్లు వరుసగా నిలబడి చేతులు కలిపారు.

ఆ రాత్రి రికార్డులో అతని వరుస మారింది. బేస్ చేరిన శాతం 1.000 నుంచి .500కు పడిపోయింది, ఏడేళ్లుగా గీత ఉన్న చోట .000 వచ్చి చేరింది. అతడు అడిగి తెచ్చుకున్న సున్నా అది.