ఆఫ్టర్ ఎఫెక్ట్స్ నుంచి ట్రాన్స్‌పరెంట్ వీడియో: వెనకాల నలుపు ఎందుకొస్తోంది?

(స్క్రీన్ మీద: ఇంటర్వ్యూ క్లిప్. దాని పైన పేరుపట్టీ పెట్టగానే ఫ్రేమంతా నల్లగా అయిపోతుంది.)

పేరుపట్టీ బ్రహ్మాండంగా యానిమేట్ చేశారు, రెండర్ కొట్టారు, తీసుకెళ్లి ఇంటర్వ్యూ మీద పెడితే పేరుతో పాటు స్క్రీన్ నిండా నలుపు కూడా వచ్చి కూర్చుంది, కింద మాట్లాడే మనిషి కనపడట్లేదు. మీ యానిమేషన్‌లో తప్పేం లేదు. ఫైల్లోకి ఆల్ఫా వెళ్లలేదు, అంతే.

ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు విలువలుంటాయి కదా, నాలుగోది ఆల్ఫా, ఆ పిక్సెల్ ఎంత కనపడాలో చెప్పేది. 8 బిట్‌లో అయితే 0 అంటే అసలు లేనట్టు, 255 అంటే పూర్తిగా ఉన్నట్టు, మధ్యలోవన్నీ నీడలకీ గ్లోలకీ అక్షరాల అంచులకీ పనికొస్తాయి. మనం రోజూ ఎక్స్‌పోర్ట్ చేసే హెచ్.264 ఎంపీ4లో ఈ నాలుగోది ఉండదు. బిట్‌రేట్ ఎంత పెంచినా రాదు.

(స్క్రీన్ మీద: కంప్ ప్యానెల్ కింద గళ్ల బటన్.)

రెండర్ కంటే ముందు కంప్ ప్యానెల్ (కంప్ అంటే కంపోజిషన్, లేయర్లన్నీ పేర్చుకునే చోటు) కిందున్న చదరంగం గళ్ల బటన్ నొక్కండి. గళ్లు కనిపించిన చోటే నిజంగా ఖాళీ ఉన్నట్టు. ఇక్కడే చాలామంది దొరికిపోతారు, ముఖ్యంగా నిప్పు, పొగ, మెరుపుల స్టాక్ క్లిప్పులు వాడేవాళ్లు. నల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో వచ్చే ఆ క్లిప్‌ని స్క్రీన్ అనే బ్లెండింగ్ మోడ్‌లో పెడితే నలుపు పోయినట్టే ఉంటుంది, కానీ కింద ఇంకో లేయర్ ఉన్నంతవరకే ఆ మాయ. కింద ఏమీ లేకపోతే కలవడానికేమీ లేదు కాబట్టి నలుపు నలుపుగానే ఉండిపోతుంది, పైగా కంప్ రంగు కూడా నలుపే అయితే గళ్లు వేసేదాకా మీకు తెలియనే తెలియదు. ఆ క్లిప్‌కి షిఫ్ట్ ఛానెల్స్ ఎఫెక్ట్ వేసి ఆల్ఫాని ల్యూమినెన్స్ నుంచి, అంటే వెలుతురు నుంచి, తీసుకోమనండి, దాని తర్వాత అంచుల్లో కలిసిన నలుపు తీసేసే రిమూవ్ కలర్ మ్యాటింగ్ ఎఫెక్ట్ వేయండి.

(స్క్రీన్ మీద: రెండర్ క్యూ, అవుట్‌పుట్ మాడ్యూల్.)

ఇప్పుడు కంప్‌ని రెండర్ క్యూలోకి పంపడానికి కంట్రోల్ ఎం, మ్యాక్‌లో కమాండ్ కంట్రోల్ ఎం. అవుట్‌పుట్ మాడ్యూల్ పక్కనున్న పేరు మీద నొక్కి, ఫార్మాట్ క్విక్‌టైమ్, కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి) యాపిల్ ప్రోరెస్ 4444 పెట్టండి. 422 పెట్టేసి "నేనూ ప్రోరెసే కదా పెట్టింది" అనేవాళ్లున్నారు, 422 రకాల్లో ఆల్ఫా ఉండదు, హెచ్‌క్యూ అయినా సరే. విండోస్‌లో ప్రోరెస్ ఎక్స్‌పోర్ట్ అవదనే మాట ఇంకా తిరుగుతోంది గానీ 2018 చివర్లోనే అడోబీ అది ఇచ్చేసింది.

అక్కడితో ఆగకండి. ఛానెల్స్ దగ్గర ఆర్‌జీబీ ప్లస్ ఆల్ఫా పెట్టాలి. 4444 ఎంచుకుని కూడా ఇక్కడ ఉత్త ఆర్‌జీబీ వదిలేస్తే మళ్లీ నలుపే.

దాని కిందే కలర్ అని ఉంటుంది, ప్రీమల్టిప్లైడా, స్ట్రెయిటా అని. ప్రీమల్టిప్లైడ్‌లో అంచు పిక్సెళ్ల రంగులో వెనకున్న నలుపు ముందే కలిసిపోయి ఉంటుంది, ఆ సంగతి పసిగట్టని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెడితే తెల్లక్షరాల చుట్టూ సన్నటి మురికి గీత వస్తుంది. స్ట్రెయిట్‌లో రంగు జోలికి పోరు, ఎంత కనపడాలన్నది ఆల్ఫా ఒక్కటే చూసుకుంటుంది. నేనైతే స్ట్రెయిటే పెడతాను. ఆల్ఫా పట్టించుకోని ప్లేయర్‌లో ఈ ఫైల్ తెరిస్తే గ్లోలన్నీ మొద్దుగా, అంచులు గరుకుగా దారుణంగా కనిపిస్తాయి, టెన్షన్ పడకండి.

అసలు ప్లేయర్‌లో చూసి తీర్పు చెప్పడమే మానేయాలి. వీఎల్‌సీ వెనకాల నలుపే చూపిస్తుంది, అది చూసి మళ్లీ రెండర్ కొట్టేవాళ్లని చూస్తే జాలేస్తుంది. ఫైల్‌ని ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోకే ఇంపోర్ట్ చేసి కింద పసుపు సాలిడ్ (ఒకే రంగు నిండిన లేయర్) వేయండి, 400 శాతం జూమ్ చేసి అంచులు చూడండి. గీత కనిపిస్తే ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లో ఆల్ఫా రకం మార్చండి, చాలాసార్లు మళ్లీ రెండర్ చేయకుండానే పోతుంది.

సైజు మాత్రం భరించాలి. 1080పీ, 29.97 ఫ్రేములకి ప్రోరెస్ 4444 సెకనుకి దాదాపు 330 మెగాబిట్లు, అంటే 41 ఎంబీ అటూ ఇటూ. కాబట్టి 6 సెకన్ల పట్టీకి 2 నిమిషాల కంప్ రెండర్ చేయకండి, వర్క్ ఏరియా, అంటే టైమ్‌లైన్‌లో రెండర్ అయ్యే ముక్క, తగ్గించుకోండి. పొడుగు రెండర్లకి ఒక్కో ఫ్రేమ్‌నీ ఒక్కో బొమ్మగా దాచే పీఎన్‌జీ సీక్వెన్స్ మేలు, మధ్యలో కరెంటు పోయినా ఆగిన ఫ్రేమ్ నుంచి మొదలుపెట్టొచ్చు.

వెబ్‌సైట్‌కో, లైవ్ స్ట్రీమింగ్ సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌కో కావాలంటే ఈ ప్రోరెస్ ఫైల్‌ని వీడియోలు మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే టూల్‌తో వీపీ9 కోడెక్ ఉన్న వెబ్‌ఎం ఫైల్‌గా మార్చుకోండి, పిక్సెల్ ఫార్మాట్ వైయూవీఏ420పీ అని ఇవ్వాలి, అందులో 'ఏ' వదిలేస్తే ఆల్ఫా పోయినట్టే. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లకి అది చాలు. సఫారీకి మాత్రం ఆల్ఫా ఉన్న హెచ్ఈవీసీ (హెచ్.265) ఫైల్ వేరేగా చేయాలి, 2019 నుంచి యాపిల్ దాన్నే నడుపుతోంది.

క్లయింట్‌కి వాట్సాప్‌లో వీడియోగా పంపకండి, వాట్సాప్ దాన్ని మళ్లీ కుదించేస్తుంది, ఆల్ఫా ఎగిరిపోతుంది, ఆ తర్వాత "బ్రో, నలుపొస్తోంది" అని ఫోన్ మీకే వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్ లింక్ ఇచ్చి డౌన్‌లోడ్ చేసుకోమనండి.