వెళ్ళిపోతామంటే ఎవరిని ఆగమంటారు?

(బెంగళూరు మారతహళ్ళిలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్ పక్కనున్న చిన్న స్టూడియోలో ఆదివారం పొద్దున జరిగిన చర్చ ఇది. వచ్చిన నలుగురూ తెలుగువాళ్ళే. పేర్లు వద్దన్నారు, అందుకే వృత్తులతోనే పిలిచాం. ఏసీ శబ్దం రికార్డవుతోందని ఆపేశాం. దానివల్ల అందరికీ కాస్త చిరాకు, అది మాటల్లో తెలుస్తుంది. అక్కర్లేని ‘అంటే... అంటే’లు తీసేశాను, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంది.)

సమన్వయకర్త: నమస్కారం. ఈ వారం డబ్బు గురించి మాట్లాడుకుందాం. మన డబ్బు కాదు, బాగా పెద్దవాళ్ళ డబ్బు. అది ఎన్నికల్లో, చట్టాల్లో ఎలా పనిచేస్తుందన్నది విషయం. మేడం, ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ తేడా ఎంతుందో ముందు మీరు చెప్పండి.

లెక్చరర్: చెప్తాను గానీ అంకెల దగ్గరే కూర్చోవద్దు. 2024 మార్చిలో ఫ్రాన్స్ ఆర్థికవేత్త థామస్ పికెటీ, ఇంకో ముగ్గురు కలిసి మన దేశం మీద ఒక అధ్యయనం ఇచ్చారు. 2022-23లో పైనున్న ఒక్క శాతం మంది చేతిలో దేశ సంపదలో 40.1 శాతం ఉందన్నారు. ఆదాయంలో అయితే 22.6 శాతం.

ఆడిటర్: ఆ లెక్కల మీద గొడవుంది మేడం. కొంత ఆదాయపు పన్ను రిటర్నుల నుంచి, కొంత సర్వేల నుంచి, కొంత ధనవంతుల జాబితాల నుంచి తీసుకుని అంచనా కట్టారు.

లెక్చరర్: నిజమే, మన దగ్గర డేటా బాగాలేదని రాసినవాళ్ళే ఒప్పుకున్నారు. సరే, సగానికి తగ్గించుకోండి. ఇరవై శాతమే అనుకోండి. అప్పుడు మన చర్చ మానేసి ఇంటికెళ్ళిపోదామా?

ఆడిటర్: (నవ్వు) వద్దులెండి, వచ్చాం కదా.

డ్రైవర్: ఒక శాతమంటే ఎంతమంది సార్?

లెక్చరర్: పిల్లల్ని వదిలేసి లెక్కేస్తే తొంభై లక్షల పైచిలుకు.

ఆడిటర్: అందులో నా క్లయింట్లు కూడా ఉంటారు. జయనగర్‌లో రెండిళ్ళు, ఊళ్ళో పొలం, కొన్ని షేర్లు. వాళ్ళు చట్టం మార్చడం మాట అటుంచండి, ఇంటి ఖాతాలో, అంటే ఆస్తి రికార్డులో, పేరు మార్పించుకోవడానికే ఆరు నెలలు తిరుగుతారు. చట్టం దాకా చెయ్యి అందేవాళ్ళు వాళ్ళకంటే చాలా పైనుంటారు, గుప్పెడు మంది.

సమన్వయకర్త: మీరేదో కాగితాలు తెచ్చారు.

ఆడిటర్: ఫారం 26. నామినేషన్‌తో పాటు అభ్యర్థి ఇచ్చే అఫిడవిట్. ఎవరైనా ఎన్నికల సంఘం సైట్‌లో చూసుకోవచ్చు. 2002లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాకే ఇవన్నీ బయటపడటం మొదలైంది. 2023లో గెలిచిన కర్ణాటక ఎమ్మెల్యేల్లో ఏడీఆర్ అనే స్వచ్ఛంద సంస్థ 223 మంది అఫిడవిట్లు చూస్తే 217 మంది కోటీశ్వరులు. డీకే శివకుమార్ గారు 1,413 కోట్లు చూపించారు. ఇక మా గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ గారు 2024లో చూపించిన కుటుంబ ఆస్తి 5,705 కోట్లు. ఆయన అమెరికాలో వ్యాపారం చేసి సంపాదించారు, దాచుకోకుండా రాశారు. డబ్బుండటమే నేరమన్నట్టు మాట్లాడటం నాకు నచ్చదు.

లెక్చరర్: నేరమని ఎవరన్నారండీ? ఇప్పటి లోక్‌సభలో 543 మందికి 504 మంది కోటీశ్వరులు. టికెట్ అడగడానికి వెళ్ళిన బడిపంతులును ‘ఎంత పెట్టుకోగలవు’ అని అడిగి పంపేస్తున్నారు. నా బాధ అదీ.

ఆడిటర్: పెట్టుకోగలగడం గురించి ఒక తమాషా చెప్తాను. పెద్ద రాష్ట్రాల్లో ఎంపీ అభ్యర్థి ఖర్చుకు పరిమితి 95 లక్షలు, ఎమ్మెల్యేకు 40 లక్షలు. పార్టీ ఖర్చుకు పరిమితే లేదు. అంటే కిటికీకి గొళ్ళెం పెట్టి తలుపు బార్లా తెరిచినట్టు. సరే, ఇది చూడండి. (కాగితం డ్రైవర్ వైపు తిప్పారు) భూముల పేజీ. సర్వే నంబరు, ఎంత విస్తీర్ణం, వారసత్వమా కాదా, ఎప్పుడు కొన్నారు. ఈ గడిలో కొన్న ధర. పక్కన దాని మీద పెట్టిన ఖర్చు. చివర ఇప్పటి విలువ.

డ్రైవర్: (కాసేపు చూసి) ఈ గడికీ ఆ గడికీ మధ్యలోనే మా పెదనాన్న ఉన్నాడు సార్.

సమన్వయకర్త: అంటే?

డ్రైవర్: మాది ఇక్కడే, కర్ణాటకలోని చింతామణి. పెదనాన్నకు పెళ్ళయ్యాక అత్తగారి వైపు నుంచి దేవనహళ్ళి దగ్గర ఎకరంన్నర వచ్చింది. రాగులు వేసేవాళ్ళు. ఎయిర్‌పోర్ట్ వస్తుందని అందరికీ తెలుసు. రోడ్డు ఎటు పడుతుందో, ఏ సర్వే నంబరు దాకా వస్తుందో మాకెవరు చెప్తారు? ఒకాయన వచ్చి బట్టల షాపు కవర్లో యాభై వేలు అడ్వాన్స్ పెట్టి ఇచ్చాడు. ఆయనకన్నీ ముందే తెలుసు. ఎయిర్‌పోర్ట్ 2008లో మొదలైంది, అప్పటికి మా భూమి రెండు చేతులు మారిపోయింది. ఆ కవరు పెద్దమ్మ పారేయలేదు, రేషన్ కార్డు అందులోనే పెట్టుకునేది. మేం ఎకరాల లెక్కన అమ్మాం, ఇప్పుడక్కడ అడుగుల లెక్కన అమ్ముతున్నారు. నేను రోజూ అదే దారిలో ట్రిప్పులేస్తా. సాదహళ్ళిలో టోల్ కూడా కడతా.

(ఇక్కడ ఎవరూ కొన్ని క్షణాలు మాట్లాడలేదు. పైనెక్కడో మిక్సీ తిరుగుతున్న చప్పుడు రికార్డింగ్‌లో ఉంది.)

లెక్చరర్: ముందే తెలియడం అన్నారు చూడండి, అదే అసలు పెట్టుబడి. ఈ రాష్ట్రంలో భూసంస్కరణల చట్టంలో 79ఏ, 79బీ అని సెక్షన్లుండేవి. వ్యవసాయం కాని ఆదాయం ఒక పరిమితి దాటినవాళ్ళు, వ్యవసాయదారులు కానివాళ్ళు పొలం కొనకూడదని. ఆ పరిమితిని 2015లో 25 లక్షలకు పెంచారు. 2020లో, అందరం కోవిడ్ భయంతో ఇళ్ళల్లో ఉన్నప్పుడు, ఆర్డినెన్స్ తెచ్చి ఆ సెక్షన్లనే తీసేశారు.

ఆడిటర్: ఆ సెక్షన్ల పేరు చెప్పి ఆఫీసుల్లో ఎంత లంచం నడిచిందో నాకు తెలుసు మేడం. తీసేయడమే మంచిదైంది.

లెక్చరర్: లంచం నడుస్తోందని చట్టం తీసేస్తే దేశంలో ఎన్ని చట్టాలు మిగులుతాయి?

ఐటీ ఉద్యోగి: నాకు ఎలక్టోరల్ బాండ్ల సంగతి, అదే పేరు బయటపడకుండా పార్టీలకు చందా ఇచ్చే పత్రాల సంగతి అడగాలనుంది. అవి పోయాయి కదా, ఇప్పుడు మారిందా?

ఆడిటర్: 2018లో మొదలై, 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసేదాకా 16 వేల కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. ఎవరిచ్చారో అప్పుడు మనకు తెలియదు. అంతకుముందు కంపెనీ మూడేళ్ళ సగటు నికర లాభంలో 7.5 శాతం మించి ఇవ్వకూడదని ఉండేది. ఆ అడ్డు కూడా తీసేశారు. కోర్టు గట్టిగా అడిగాక స్టేట్ బ్యాంక్ వివరాలిచ్చింది. అందరికంటే ఎక్కువ కొన్నది కోయంబత్తూరు లాటరీ వ్యాపారి కంపెనీ, 1,368 కోట్లు. రెండోది మన హైదరాబాద్ మేఘా, 966 కోట్లు. బయటపడిన డబ్బులో సగం దాకా బీజేపీకి వెళ్ళింది. బీఆర్ఎస్‌కు 1,200 కోట్ల పైన, వైఎస్సార్‌సీపీకి, టీడీపీకి వందల కోట్లు. వీళ్ళెవరూ ఖాళీ చేతులతో లేరు. ఇప్పుడు ఎలక్టోరల్ ట్రస్టుల ద్వారా, అంటే చందాలు పోగేసి పార్టీలకు పంచే సంస్థల ద్వారా ఇస్తున్నారు. ఇచ్చినవాడి పేరుంటుంది, తీసుకున్న పార్టీ పేరుంటుంది. ఏ నీళ్ళు ఏ పొలానికి పారాయో మాత్రం ఉండదు.

ఐటీ ఉద్యోగి: మరి పన్నులు? నా జీతంలో 30 శాతం స్లాబ్ దాకా పట్టుకుంటారు.

ఆడిటర్: నీది జీతం కాబట్టి. ఏడాది దాటాక అమ్మిన లిస్టెడ్ షేర్ల లాభమైతే 12.5 శాతమే. ఒకప్పుడు సంపద పన్ను ఉండేది, 1957 నాటిది. 2015 బడ్జెట్‌లో జైట్లీ గారు తీసేశారు. ఏడాదికి వెయ్యి కోట్లు వచ్చేదంతే, దానికి అంత యంత్రాంగం ఎందుకని. అది సబబే. కానీ ఎందుకంత తక్కువ వచ్చేది? 1990ల్లోనే షేర్లను ఆ పన్ను నుంచి తప్పించారు. బంగారం, కారు, రెండో ఇల్లు మాత్రం పన్నులో మిగిలాయి. మా అత్తగారి వడ్డాణానికి పన్నుండేది, ఫ్యాక్టరీ యజమాని వాటాలకు ఉండేది కాదు.

లెక్చరర్: ఇంకేం, నా తరఫున మీరే వాదిస్తున్నారు.

ఆడిటర్: లెక్క చెప్పాను మేడం, వాదన కాదు.

సమన్వయకర్త: తమ్ముడూ, నువ్వు వచ్చేటప్పుడు దార్లో ఒకటి అన్నావు, ఈ మొత్తం వ్యవహారంలో లాభపడింది మనమే అని.

ఐటీ ఉద్యోగి: అవునన్నా. 2024 జులై గుర్తుందా? ఇక్కడి కంపెనీల్లో మేనేజ్‌మెంట్ ఉద్యోగాల్లో 50 శాతం, మిగతావాటిలో 70 శాతం స్థానికులకే ఇవ్వాలని బిల్లు. జులై 15న క్యాబినెట్ ఒప్పుకుంది. మా పీజీ హాస్టల్లో ఆ రాత్రి ఎవరూ సరిగా తినలేదు. అంతా విజయవాడ, కడప, వరంగల్ వాళ్ళమే. ఒకడైతే హైదరాబాద్ ఓపెనింగ్స్ చూడటం మొదలుపెట్టాడు. తర్వాత పరిశ్రమల పెద్దలు ఒక్కొక్కరే ట్వీట్లు పెట్టారు. ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ ప్రకటన ఇచ్చింది, కంపెనీలు వేరే చోటికి వెళ్ళిపోవచ్చని. నారా లోకేశ్ గారు వెంటనే విశాఖ రమ్మన్నారు. 17 సాయంత్రానికి బిల్లు పక్కన పెట్టేశారు. మేం కేక్ కట్ చేశాం. నిజంగానే చేశాం. అప్పుడు నాకిది డబ్బున్నవాళ్ళ పెత్తనం అనిపించలేదు, బతికిపోయాం అనిపించింది.

డ్రైవర్: ఆ బిల్లు నాకోసం కదా సార్ పెట్టింది.

ఐటీ ఉద్యోగి: అన్నా?

డ్రైవర్: కర్ణాటకలో పుట్టి, పదిహేనేళ్ళు ఇక్కడే ఉండి, కన్నడ రాయడం చదవడం వచ్చినవాళ్ళకని కదా అన్నారు. నేను పుట్టింది చింతామణి, చదివింది కన్నడ మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడతామంతే. మా చెల్లెలు బీకాం చేసింది, మూడేళ్ళుగా ఇంటర్వ్యూలకు తిరుగుతోంది. మీరు కేక్ కోసుకున్న రోజు అది టీవీ ముందే కూర్చుంది.

(ఐటీ ఉద్యోగి ఏదో అన్నారు. మైక్‌కు దూరంగా అన్నారు, వినపడలేదు.)

ఆడిటర్: బాబూ, ఆ బిల్లు చట్టమైనా కోర్టులో నిలిచేది కాదు. హర్యానాలో 75 శాతమన్న చట్టాన్ని 2023లో హైకోర్టు కొట్టేసింది.

డ్రైవర్: కొట్టేయనివ్వండి సార్. కోర్టు కొట్టేస్తే మాక్కూడా ఒక న్యాయం చెప్పినట్టుంటుంది. ఇది రెండు రోజుల్లో ఫోన్లలోనే అయిపోయింది.

లెక్చరర్: బిల్లు మంచిదా చెడ్డదా అన్నది వదిలేద్దాం, నాకూ అది నచ్చలేదు. ఆ రెండు రోజులు గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు ఇంకో లెక్క. దేవనహళ్ళి తాలూకా చన్నరాయపట్న హోబళిలో, అంటే తాలూకాలో ఒక భాగంలో, 13 ఊళ్ళ నుంచి 1,777 ఎకరాలు ఏరోస్పేస్ పార్కుకు తీసుకోవాలనుకున్నారు. రైతులు 2022 ఏప్రిల్ 4న దీక్షకు కూర్చున్నారు. ప్రభుత్వం భూసేకరణ వదులుకుంటున్నామని చెప్పింది 2025 జులై 15న. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను, 1,198 రోజులు. లేనివాళ్ళు ఎప్పుడూ గెలవరని నేననను, గెలిచారు. కానీ అక్కడ రెండు రోజులు, ఇక్కడ 1,198 రోజులు.

డ్రైవర్: నేను రెండుసార్లు వెళ్ళాను అక్కడికి, ట్రిప్ దించి వస్తూ. మజ్జిగ పోశారు.

సమన్వయకర్త: ఆ రోజు కూడా లోకేశ్ గారి ట్వీట్ వచ్చింది కదా?

లెక్చరర్: అదే మరి! ఏరోస్పేస్ కంపెనీలను పిలుస్తూ, బెంగళూరు పక్కనే మా దగ్గర 8,000 ఎకరాలు సిద్ధంగా ఉంది రండి అని. మాది అనంతపురం. చదివి సంతోషించాలో బాధపడాలో తెలియలేదు. మా ఊరి పిల్లలకు ఉద్యోగాలొస్తే నాకు కావాలి. కానీ ఇక్కడ రైతు మూడేళ్ళు కూర్చుని ‘కాదు’ అనిపించుకున్న మాటను సరిహద్దు అవతల ఒక్క ట్వీట్ తేలిక చేసేసింది. కంపెనీ ఎవరికీ లంచం ఇవ్వక్కర్లేదు, చందా కూడా ఇవ్వక్కర్లేదు. ‘వెళ్ళిపోతాం’ అంటే చాలు, ఇటునుంచి ఒకరు చెయ్యి పట్టుకుంటారు, అటునుంచి ఒకరు పళ్ళెం పట్టుకుంటారు. 2025 ఏప్రిల్‌లో విశాఖలో టీసీఎస్‌కు 21 ఎకరాలు 99 పైసలకిచ్చారు.

డ్రైవర్: ఎకరం 99 పైసలా, మొత్తమా?

ఆడిటర్: (నవ్వు) ఎలా చూసినా నీ పార్కింగ్ ఫీజు కంటే తక్కువే. కానీ ఉద్యోగాలు వస్తాయని షరతుంది. మోదీ గారు గుజరాత్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు టాటా నానో కార్ల ఫ్యాక్టరీకి చేసిందే మేమూ చేస్తున్నామన్నారు ఏపీ ప్రభుత్వం వాళ్ళు. రాష్ట్రం విడిపోయి రాజధాని లేకుండా మిగిలినవాళ్ళు బేరంలో ఏం పెడతారు మరి?

లెక్చరర్: అత్తసొమ్ము అల్లుడి దానం అంటారు మా వైపు. ఆ భూమి ఏ పార్టీదీ కాదు.

ఆడిటర్: మీ పిల్లాడికి అక్కడ ఉద్యోగం వస్తే ఈ సామెత చెప్తారా?

లెక్చరర్: (కాసేపు ఆగి) చెప్తాను. ఉద్యోగంలో చేరాక చెప్తాను.

(అందరూ నవ్వారు. ఈ చర్చ మొత్తంలో నాకు నచ్చిన జవాబు ఇదే.)

ఐటీ ఉద్యోగి: అన్నా, మీ డ్రైవర్లు కూడా వెళ్ళిపోతామని అనొచ్చు కదా?

డ్రైవర్: 2023 సెప్టెంబర్ 11న బంద్ చేశాం తమ్ముడూ. క్యాబులు, ఆటోలు, ప్రైవేటు బస్సులు అన్నీ. మరుసటి రోజు పొద్దున ఈఎంఐ మెసేజ్ వచ్చింది, బండి తీశాను. నేను బెంగళూరు వదిలి వెళ్ళిపోతానంటే మా ఓనర్ కూడా ఆగమనడు. తాళాలు ఇచ్చి పొమ్మంటాడు.

సమన్వయకర్త: టైం అవుతోంది, ఆయనకు పన్నెండుకు ట్రిప్పుంది. చివరిగా అందరికీ ఒకటే ప్రశ్న. మీ ఫోన్లో మీ ఎమ్మెల్యే నంబర్ ఉందా?

లెక్చరర్: లేదు.

ఆడిటర్: ఉంది. క్లయింటు ఇచ్చారు. ఎప్పుడూ చేయలేదు.

ఐటీ ఉద్యోగి: మా ఎమ్మెల్యే ఎవరో... చూసి చెప్తాను.

డ్రైవర్: ఎమ్మెల్యేది లేదు సార్, ఆయన కారు డ్రైవర్‌ది ఉంది. మా పక్క ఊరోడే.

ఐటీ ఉద్యోగి: అన్నా, అది నాకు పంపండి. మా లేఅవుట్‌లో ఎనిమిది నెలలుగా ట్యాంకర్ నీళ్ళే.

డ్రైవర్: పంపుతా. ఫోన్ చేస్తే ఎత్తడు, మిస్డ్ కాల్ ఇవ్వు. రాత్రి పదకొండు దాటాక వాడే చేస్తాడు.