తాతగారి లారీకి ధర కట్టడం

శ్రోతలకు నమస్కారం.

ఊళ్ళలో పాత రైసుమిల్లు వెనకో, మామిడితోటలోనో ఎప్పుడో ఆగిపోయిన లారీ ఒకటి కనిపిస్తుంటుంది. టైర్లుండవు. లోపల సగం సామాను ఉండదు. ఇంట్లో ఎవరికో దాని మీద మనసవుతుంది, నేను కొనుక్కుంటానంటారు. చిక్కంతా అక్కడ మొదలవుతుంది. పరాయివాడితో అయితే బేరమాడి, కుదరకపోతే లేచి వచ్చేస్తాం. పెదనాన్న దగ్గర బేరమాడి లేచి వచ్చేస్తే, సంక్రాంతికి మళ్ళీ ఆ గడపే తొక్కాలి కదా!

నాకు తెలిసిన ఒక కుర్రాడి సంగతి చెబుతాను. హైదరాబాదులో ఉద్యోగం, సొంతూరు నూజివీడు దగ్గర. వాళ్ళ తాతగారు మామిడికాయలు తోలిన లారీ తోటలోనే ఉండిపోయింది. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన టాటా మెర్సిడిస్ బెంజ్. ఆ బండి పుట్టుక రెండు ముక్కల్లో చెప్పేస్తాను. జంషెడ్‌పూర్‌లో రైలింజన్లు చేస్తున్న టాటావాళ్ళ టెల్కో కంపెనీ, 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో చేతులు కలిపి లారీలు మొదలుపెట్టింది. ఆ పొత్తు 1969 దాకా నడిచింది. ఆ కాలపు బళ్ళకి ముందు మూడు కొసల నక్షత్రం ఉంటుంది. పాత డ్రైవర్లకి ఆ నక్షత్రం మీద ఎంత మక్కువో!

సరే, మన బండి దగ్గరికి వద్దాం. చెక్కదిమ్మల మీద నిలబెట్టి ఉంది. గేర్‌బాక్స్ లేదు. డీజిల్ పంపు లేదు. రేడియేటర్, డైనమో లేవు. ఎడమ తలుపు లేదు. వెనక బాడీ చెక్కలు ఏ చలికాలంలో నీళ్ళపొయ్యి కిందకి వెళ్ళాయో ఎవరికీ గుర్తులేదు. బానెట్ రేకు ఒకటి లేదు, ముందు జాలీ లేదు, మీటర్లు లేవు, నక్షత్రం లేదు. ఛాసిస్ మాత్రం వంగలేదు. ఇంజను పట్టేసింది.

పెదనాన్న అన్నారు, "అయిదు లక్షలు పలుకుతుందిరా అబ్బాయ్." ఫోన్‌లో ఎవరో పాత జీపుకి చెప్పిన ధర చూశారాయన. పెద్దమ్మేమో, "ఇనుప సామాన్లవాడికి తూకానికి ఇచ్చేస్తే పీడా పోతుంది" అంది. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. అయితే అడిగిన ధర వేరు, అమ్ముడుపోయిన ధర వేరు. ఫోన్‌లో కనపడేది అడిగిన ధరే. పైగా జీపుకి పదిమంది కొనేవాళ్ళుంటే పాత లారీకి ఒకరో ఇద్దరో ఉంటారు. నిలబెట్టుకోవడానికి చోటే ఉండదు మరి!

కుర్రాడు తెలివిగా ఒక పని చేశాడు. విజయవాడ ఆటోనగర్‌లో చాలాకాలం పనిచేసి మానేసిన ఒక పెద్ద మేస్త్రీని తీసుకెళ్ళాడు. ఆ మేస్త్రీ బండి చుట్టూ తిరిగి, కాగితం మధ్యలో గీత గీశాడు. ఒక పక్క ఊళ్ళో పుట్టినవి. రెండో పక్క ఫ్యాక్టరీలో పుట్టినవి. ఏం పోయిందని కాదు, పోయింది ఎక్కడ పుట్టిందని చూడాలన్నాడు.

ఎందుకంటే, ఆ రోజుల్లో లారీ కొనడమంటే ఇంజనుతో, ముందు ముక్కుతో ఛాసిస్ కొనడమే. క్యాబిను, వెనక బాడీ మన దగ్గరే కట్టించుకునేవాళ్ళు. వడ్రంగి, టింకరు, రెక్సిన్ పనివాడు కలిసి కట్టేవాళ్ళు. కాబట్టి తలుపు పోయినా, క్యాబిను చెదలు తిన్నా, బాడీ పొయ్యిలోకి వెళ్ళినా కొంప మునగదు. ఊళ్ళో పుట్టింది, మళ్ళీ ఊళ్ళో పుడుతుంది. గేర్‌బాక్స్, పంపు, రేడియేటర్ లాంటివి ఫ్యాక్టరీ సరుకే అయినా, ఆ రకం బళ్ళు రోడ్ల మీద లెక్కలేనన్ని తిరిగాయి కాబట్టి పాత సామాన్ల కొట్లలో వెతికితే దొరికే అవకాశం ఉంది. బానెట్ రేకు, జాలీ, మీటర్లు, నక్షత్రం, అవి ఆ బండి కోసమే ఫ్యాక్టరీలో చేసినవి. ఇప్పుడు దొరకడం కష్టం. ధరలో అసలు కోత అక్కడ పడాలి.

మన కుర్రాడు అప్పటిదాకా క్యాబిను పాడైందని బెంగపడి, జాలీ సంగతే పట్టించుకోలేదట.

ఇక లెక్క. ఇవి ఆ బండి అంకెలు, మీ బండికి మారతాయి. దారి మాత్రం ఇదే. బండి పూర్తిగా తయారై నిలబడితే 6,00,000 రావచ్చని మేస్త్రీ అంచనా. అందులోంచి తీసేస్తూ వెళ్ళాలి. గేర్‌బాక్స్, పంపు, రేడియేటర్, డైనమో, బ్యాటరీ కలిపి 1,30,000. ఇంజను విప్పి లేత్ పని చేయించడానికి 90,000. ఆరు టైర్లు లక్ష. క్యాబిను, బాడీ కట్టుబడికి 1,20,000. క్రేను, ట్రైలరు 25,000. పోగా మిగిలింది 1,35,000. జాలీ, రేకు, మీటర్లు, నక్షత్రం లేనందుకు ఇంకో 50,000 కోశాడు. మిగిలింది 85,000. తూకానికి అమ్మితే ఎంతొస్తుందో కూడా చూశారు. రెండున్నర టన్నులు, కిలో ముప్ఫై చొప్పున 75,000. అంటే పెద్దమ్మ మాట నేల, పెదనాన్న మాట ఆకాశం.

కాగితం పెదనాన్న చేతిలో పెట్టి కుర్రాడు అన్నాడు, "ఈ 50,000 కోత మాత్రం నాకూ ఇష్టం లేదు పెదనాన్నా. ఆ నాలుగూ దొరికితే అది తీసేస్తాను." ఈ ఒక్క మాటతో బేరం తిరిగింది. పెద్దమ్మ లోపల్నుంచి, "ఆ రేకు కోళ్ళగూటి మీద కప్పాం కదండీ!" అంది. వెళ్ళి చూస్తే అదే, బానెట్ రేకే. కోళ్ళు ఖాళీ చేశాయి. జాలీ మోటారు షెడ్డులో కిటికీకి బిగించి ఉంది. మీటర్ల పలక అటక మీద గోనెసంచిలో, తాళాలతో సహా. నక్షత్రం మాత్రం దొరకలేదు. చిన్నప్పుడు పీకిందెవరని అడిగితే ఇంట్లో మగాళ్ళందరూ ఇంటికప్పు వైపు చూశారట!

నక్షత్రానికి 15,000 ఉంచుకుని మిగతా కోత తీసేశారు. 1,20,000 దగ్గర ఖాయం. ధర పెంచింది కొనేవాడే, అయినా లాభం వాడికే. ఆ సామాను విడిగా వెతికి కొనాలంటే, దొరికితే కదా!

ఇంట్లోవాళ్ళ దగ్గర కొనడంలో ఉన్న ఒకే ఒక్క లాభం ఇదని నా ఉద్దేశం. పరాయివాడి బండికి పోయింది పోయినట్టే. సొంతింటి బండికి పోయినవన్నీ ఆ చుట్టుపక్కలే ఎక్కడో వేరే ఉద్యోగం చేస్తుంటాయి. కాబట్టి ధర మాట్లాడే ముందు అటక, గొడ్లచావిడి, మోటారు షెడ్డు వెతకండి. ఆ బండి మీద క్లీనరుగా చేసినాయన ఊళ్ళో ఉంటే పిలిచి అడగండి. గేర్‌బాక్స్ ఎవరికి ఎరువిచ్చారో కూడా ఆయన చెప్పేయొచ్చు. దొరికినవన్నీ బండితో పాటే ఇస్తున్నట్టు కాగితం మీద రాయించుకోండి.

ఇంజను గురించి చిన్న మాట. పట్టేసిన ఇంజన్ని ట్రాక్టరుకి కట్టి లాగించి స్టార్టు చేద్దామనే ఉత్సాహవంతులు ప్రతి ఊళ్ళో ఉంటారు. వాళ్ళని దూరంగా కూర్చోబెట్టండి. ముందు ఆయిల్ పుల్ల తీసి నీళ్ళు కలిశాయేమో చూడాలి. సిలిండర్లలోకి నూనె వదిలి, నానబెట్టి, చేత్తో మెల్లగా తిప్పించాలి. తిరిగితే ఒక ధర. ఇంజను దిమ్మ పగిలి ఉంటే ఇంకో ధర.

ఇక కాగితాలు. ఛాసిస్ మీద నంబరు చెక్కి ఉంటుంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు పడుతుంది. దాన్ని ఆర్‌సీ పుస్తకంతో సరిచూడండి. కలవకపోతే తూకం ధర దాటొద్దు. 50 ఏళ్ళు దాటిన బళ్ళకి వింటేజ్ రిజిస్ట్రేషన్ అని 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది నిజమే. అవి సొంత వాడకానికి ఉన్న రెండు చక్రాల, నాలుగు చక్రాల బళ్ళ కోసం పెట్టినవి. సరుకు లారీ కూడా అందులోకి వస్తుందని ఆశపడి ధర పెంచుకోకండి. ఆర్‌టీఓ ఆఫీసులో అడిగాకే డబ్బు తియ్యండి.

బండి తాతగారి పేరున ఉండి, ఆయన లేకపోతే, వారసుల పేరుకి మార్చడానికి ఫారం 31 ఉంది. ఆ తర్వాత అమ్మకానికి 29, 30 ఫారాలు. వీలునామా లేకుండా పోయినాయన ఆస్తిలో, హిందూ వారసత్వ చట్టం ప్రకారం, కొడుకులతో పాటు కూతుళ్ళకీ సమాన వాటా ఉంటుంది. లారీ కూడా ఆస్తే. తోటలో ఉంది కాబట్టి పెదనాన్నది అయిపోదు. మన వాళ్ళు పొలం దగ్గర అత్తయ్యల్ని తలుచుకుంటారు, ఇలాంటి వాటి దగ్గర మర్చిపోతారు. అది నాకు నచ్చదు.

ఈ కుర్రాడికి ఇద్దరు అత్తయ్యలు. నాయనమ్మ కూడా లేరు. కాబట్టి పెదనాన్న, నాన్న, అత్తయ్యలిద్దరు, నాలుగు వాటాలు, తలా 30,000. వాళ్ళ నాన్న తన వాటా వద్దన్నారు కాబట్టి చేతినుంచి పోయింది 90,000. పెద్దత్తయ్య ఏలూరులో సంతకం పెట్టింది. చిన్నత్తయ్య సంతకానికి ముందు బండి ఫొటో అడిగిందట, పంపించాడు. మీరూ డబ్బు సంతకాలయ్యాకే ఇవ్వండి. ఎవరెవరికి ఎంతిచ్చారో అదే కాగితం మీద రాయండి.

నమస్కారం.