శనగలూ సిలికానూ

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, అదీ బెంగళూరు ట్రాఫిక్‌లో, బ్యాటరీల గురించి వినడానికి ఇంతమంది తెలుగువాళ్లు వస్తారనుకోలేదు. కాస్త టెన్షన్‌గానే ఉంది.

ఫోన్ అడ్డంగా తిప్పితే బొమ్మ కూడా తిరుగుతుంది కదా. లోపలి చిప్‌లో సిలికాన్‌తో చెక్కిన దువ్వెన పళ్లలాంటివి ఉంటాయి. ఫోన్ కదిలితే పళ్ల మధ్య సందు రవ్వంత మారుతుంది, దాంతో కెపాసిటెన్స్, అంటే అక్కడ విద్యుదావేశం పట్టే సామర్థ్యం, మారుతుంది. ఈ సెన్సర్ చిప్ పసిగట్టేది ఆ మార్పునే. ఆ సందు మన వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు.

సెన్సర్ అలా ఆవగింజంత అయిపోయింది. బ్యాటరీ మాత్రం కాలేదు. సెన్సర్ పని కొలవడం, బ్యాటరీ పని దాచడం. గాదె చిన్నదైతే గింజలూ తక్కువే పడతాయి మరి.

అందుకని, అదే గాదెలో ఎక్కువ ఎలా కుక్కాలా అని చూస్తున్నారు. ఇప్పటి బ్యాటరీల్లో ఛార్జ్ మోసే లిథియాన్ని దాచుకునేది ఎక్కువగా గ్రాఫైట్, అంటే పెన్సిల్ ములుకులో ఉండే కార్బన్. గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్ అవర్లు దాని హద్దు. సిలికాన్‌కైతే సుమారు 3,600! కానీ రాత్రి డబ్బా నిండా శనగలు నానబోసి మూత బిగిస్తే పొద్దుటికి ఏమవుతుంది? లిథియం పట్టిన సిలికాన్ కూడా అంతే, మూడింతలకు పైగా ఉబ్బుతుంది. ఛార్జింగ్‌లో ఉబ్బి, వాడుతుంటే కుంగి, చివరికి బీటలువారి పొడైపోతుంది.

2008లో స్టాన్‌ఫర్డ్‌లో యి చుయ్ బృందం సిలికాన్‌ని నానో తీగలుగా, వరి దుబ్బులా నిలబెట్టింది. తీగ లావెక్కినా పక్కన చోటుంది, విరగదు.

సిలికాన్‌ని ఇంత సన్నగా మలిచే క్లీన్‌రూమ్, అంటే దుమ్ము లేని గది, మన ఊళ్లోనే, ఐఐఎస్‌సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) ఉంది. క్లాస్ 100 గది అంటే ఘనపుటడుగు గాలిలో అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఆపైన ఉన్న ధూళి కణాలు వంద దాటకూడదు. లిథోగ్రఫీ, అంటే వెలుతురుతో సిలికాన్ మీద నమూనా అచ్చు వేసే పని, చేసే గదిలో పసుపు లైట్లే ఉంటాయి. పాత ఫొటో స్టూడియో డార్క్‌రూమ్‌లో ఎర్ర లైటు ఎందుకో, ఇక్కడ పసుపు లైటూ అందుకే: వెలుతురుకి స్పందించే పూత పాడవకుండా. నేను మొదటిసారి క్లీన్‌రూమ్‌కి వెళ్లిన రోజు తల నుంచి కాలిదాకా సూటు తొడుక్కున్నాక ముక్కు దురద మొదలైంది. ఆ గంట నరకం.

మరి ఆ తీగలు మన ఫోన్లోకి ఎందుకు రాలేదంటారా? తీగ సన్నబడేకొద్దీ ఎలక్ట్రోలైట్‌కి, అంటే బ్యాటరీలో లిథియం ఈదే ద్రవానికి, తగిలే ఉపరితలం పెరుగుతుంది. దానిమీద ఒక పొర కట్టి లిథియాన్ని తినేస్తుంది. ఉబ్బినప్పుడల్లా ఆ పొర చిట్లి, మళ్లీ కొత్తది కడుతుంది. అందుకే కంపెనీలు ప్రస్తుతానికి గ్రాఫైట్‌లో కొంచెం సిలికాన్ కలిపి సరిపెడుతున్నాయి. నా మటుకు నాకు, అసలు పోరాటం తీగతో కాదు, ఆ పొరతోనే అనిపిస్తుంది.

ఇక మీరు అడగండి. ఫోన్ రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టొచ్చా అన్నది మాత్రం కాఫీ దగ్గర మాట్లాడుకుందాం.