పాట మిక్స్ అయిపోయింది, ఇప్పుడేంటి? (ఒంటరి ప్రొడ్యూసర్ రిలీజ్ షీట్)

నమస్తే అండి. స్క్రీన్ కనిపిస్తోంది కదా? సరే. ఈ వీడియోలో బీట్ లేదు, సింథ్ లేదు, కొత్త ప్లగిన్ కూడా లేదు. ఒక స్ప్రెడ్‌షీట్ ఉంది, అంతే. ఉండండి, అప్పుడే వెళ్లిపోకండి.

లేబుల్ లేకుండా సొంతంగా పాప్ పాటలు చేసి, వాటి ప్రమోషన్ కూడా చేసుకునేవాళ్లు రోజంతా ఏం చేస్తారని చాలామంది అడుగుతున్నారు. ఇదిగో, ఇదే చేస్తాం. ఈ షీట్ నింపుతాం. పాట చేయడం మనకు ఎలాగూ ఇష్టం, అది ఎవరూ చెప్పకుండానే చేస్తాం. డబ్బు వచ్చేదీ పోయేదీ మాత్రం ఇక్కడే.

ముందు ఈ గడి. రిలీజ్ తేదీ. శుక్రవారం పెట్టండి. 2015 జూలై 10 నుంచి ప్రపంచమంతా కొత్త పాటలకు శుక్రవారమే అయింది, అంతకుముందు ఒక్కో దేశానికి ఒక్కో రోజు ఉండేది. పెద్దవాళ్ల పాటలన్నీ అదే రోజు వస్తాయి కదా, మనం మంగళవారం వేస్తే మంచిది కదా అంటారు. నేనూ వేసి చూశాను. స్పాటిఫైలో రిలీజ్ రాడార్ అని ఉంటుంది చూడండి, కొత్త పాటలు చూపించే ప్లేలిస్ట్, అది శుక్రవారమే మారుతుంది. కాబట్టి నేను మళ్లీ శుక్రవారానికే వచ్చేశాను.

ఇక్కడి నుంచి వెనక్కి లెక్క. ఈక్వల్ టు, ఈ గడి, మైనస్ 28, అంటే 28 రోజుల ముందు. ఇది డిస్ట్రిబ్యూటర్‌కి, అంటే మన పాటను స్పాటిఫై లాంటి యాప్‌లకు చేర్చే కంపెనీకి, పాట ఎక్కించే రోజు. ఎవరో పెట్టిన రూల్ కాదు, నాకు అలవాటైన లెక్క. ఎందుకంటే వాళ్లు ఒక్కోసారి తిప్పి పంపిస్తారు, కవర్ బాగోలేదనో, పేరులో స్పెల్లింగ్ కలవలేదనో. తిప్పి పంపినా మళ్లీ ఎక్కించే టైమ్ ఉండాలి. ఆ, ఈ రోజు తేదీ కావాలంటే టైప్ చేయక్కర్లేదు, కంట్రోల్ నొక్కి సెమీకోలన్ నొక్కండి. చూశారా, వచ్చేసింది. ఈ షార్ట్‌కట్ తెలియకుండా నేను కొన్నేళ్లు క్యాలెండర్ చూసి తేదీలు కొట్టాను, అది వేరే కథ.

ఫైళ్లు. ఇది గబగబా చెప్పేస్తాను. వేవ్ ఫైల్, 44.1 కిలోహెర్ట్జ్, 24 బిట్. కవర్ చతురస్రం, 3000 బై 3000 పిక్సెల్స్. దాని మీద వెబ్‌సైట్, ఫోన్ నంబర్, సోషల్ మీడియా హ్యాండిల్, ఏవీ వద్దు, రిజెక్ట్ అవుతుంది. లౌడ్‌నెస్, స్పాటిఫై మామూలుగా మైనస్ 14 లఫ్స్‌కి సర్దుతుంది, లఫ్స్ అంటే పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే కొలత. ట్రూ పీక్, అంటే శబ్దం తాకే అత్యంత ఎత్తు, మైనస్ 1 దాటకుండా చూసుకోండి. అంటే ఫైనల్ ఆడియో కచ్చితంగా మైనస్ 14కే చేయాలని కాదు. నా పాప్ పాటలు దానికంటే గట్టిగానే ఉంటాయి. వాళ్లు తగ్గిస్తారు, తగ్గించనీయండి. తగ్గించాక కూడా పంచ్ ఉందో లేదో వినండి, అంతే. లౌడ్‌నెస్ కొలిచే మీటర్ అంటే నేను యూలీన్ అనే ప్లగిన్ వాడతాను, ఫ్రీ వెర్షన్ చాలు.

నెక్స్ట్, స్ప్లిట్ షీట్, అంటే పాటలో ఎవరికెంత వాటా అని రాసుకునేది. ఇక్కడ ఒక్క నిమిషం. ఒక పాటలో రెండు ఆస్తులుంటాయి. రాసిన పాట ఒకటి, అంటే సాహిత్యం, ట్యూన్. రికార్డ్ చేసిన ఆడియో ఇంకొకటి, దాన్నే మాస్టర్ అంటాం. అందుకే చూడండి, రెండు కాలమ్‌లు పెట్టాను. డిస్ట్రిబ్యూటర్ పంపేది మాస్టర్ డబ్బు. రాసినవాళ్ల డబ్బు చాలావరకు కాపీరైట్ సొసైటీల ద్వారా, పబ్లిషింగ్ ద్వారా వస్తుంది. అక్కడ పాట రిజిస్టర్ చేయకపోతే అది మిమ్మల్ని వెతుక్కుంటూ రాదు. నాకు తెలిసిన ప్రొడ్యూసర్లలో సగం మంది ఈ రాసినవాళ్ల డబ్బు సంగతి అసలు తెరిచి కూడా చూడలేదు.

రెండు కాలమ్‌లూ కిందికి కూడితే 100 రావాలి. 95 వచ్చిందంటే ఎవరినో మర్చిపోయాం. 110 వచ్చిందంటే ఒకే వాటా ఇద్దరికి మాటిచ్చాం. నవ్వకండి, నాకు 110 వచ్చింది ఒకసారి. సింగర్ స్టూడియోలో ఉండగానే, హెడ్‌ఫోన్ తీసి టీ తాగుతున్నప్పుడే రాయించేసుకోండి. పాట హిట్ అయ్యాక అదే మాట అడిగితే ఇద్దరికీ వేరే వేరే జ్ఞాపకాలు ఉంటాయి.

పాట ఎవరిదో తేలకపోతే ఏమవుతుందో ఒక కథ చెప్తాను. జో మీక్ అని లండన్‌లో ఒక ప్రొడ్యూసర్ ఉండేవాడు, మన వృత్తికి పెద్దన్న లాంటివాడు. హాలోవే రోడ్‌లో ఒక తోలు సామాన్ల షాపు పైన ఫ్లాట్, అదే స్టూడియో. సొంతంగా రికార్డ్ చేసి, ఆ మాస్టర్లను పెద్ద కంపెనీలకు ఇచ్చేవాడు. 1962లో ఆయన చేసిన ఒక ఇన్‌స్ట్రుమెంటల్ అమెరికాలో కూడా నంబర్ వన్ అయింది. కానీ ట్యూన్ నాదని ఫ్రాన్స్ నుంచి ఒక కంపోజర్ కేసు వేశాడు, ఆ పాట రాయల్టీ ఆగిపోయింది. ఆయన 1967 ఫిబ్రవరిలో చనిపోయాడు. ఆ తర్వాత కొన్ని వారాలకే కేసు ఆయన వైపు తేలింది. ఆ రాయల్టీ ఆయన చేతికి రానేలేదు. సరే, షీట్‌కి వద్దాం.

ఇప్పుడు ఈ కాలమ్. పసుపు రంగు వేశాను చూడండి. మొత్తం షీట్‌లో రంగు ఉన్నది దీనికొక్కదానికే. ఐఎస్ఆర్‌సీ. ఇక్కడ నెమ్మదిగా వెళ్తాను, ఎందుకంటే నేను పడింది ఈ గుంటలోనే.

ఐఎస్ఆర్‌సీ అంటే ఒక రికార్డింగ్‌కి ఉండే నంబర్. 12 అక్షరాలు. జూమ్ చేస్తాను, ఉండండి. మొదటి రెండు దేశం అక్షరాలు, తర్వాతి మూడు ఆ కోడ్ ఇచ్చేవాళ్లవి, తర్వాత రెండు అంకెలు సంవత్సరం, చివర అయిదు అంకెలు మన పాట నంబర్. మధ్యలో గీతలు చదవడానికే, ఫారంలో గీతలు లేకుండా కొట్టండి. ఆ సంవత్సరం కూడా కోడ్ ఇచ్చిన సంవత్సరం, పాట రికార్డ్ చేసింది కాదు.

నేనేం చేశానంటే, ఒక సింగిల్ వేశాను. బాగానే వెళ్లింది, మనవాళ్లు కానివాళ్లు కూడా ప్లేలిస్టుల్లో పెట్టుకున్నారు. ఆరు నెలల తర్వాత అదే పాటను ఇంకో నాలుగు పాటలతో కలిపి ఈపీగా, అంటే చిన్న ఆల్బమ్‌గా, వేద్దామనుకున్నాను. డిస్ట్రిబ్యూటర్ ఫారం తెరిచాను. ఇదిగో, ఇలాంటి ఫారమే. ఐఎస్ఆర్‌సీ గడి ఉంది, లోపల లేత అక్షరాల్లో "ఖాళీగా వదిలేస్తే మేమే ఇస్తాం" అని ఉంది. సంతోషం, ఇవ్వండి అనుకుని వదిలేశాను.

ఆ ఖాళీ గడే కొంప ముంచింది. అదే పాట, అదే ఫైల్, కానీ కొత్త నంబర్. అంటే వాళ్ల లెక్కలో కొత్త పాట. ఈపీ వచ్చిన రోజు చూస్తే మిగతా నాలుగు పాటల్లాగే దీనికీ సున్నా ప్లేలు. పాత సింగిల్ పక్కనే ఉంది, దాని ప్లేలు దానికున్నాయి. ఒకే పాట రెండుసార్లు కనిపిస్తోంది, బాగోలేదు అని నేను చేసిన రెండో తెలివైన పని, పాత సింగిల్‌ని తీయించేశాను. రెండు రోజులకు సింగర్ ఫోన్ చేసింది. "అన్నా, నా పాట నా ప్లేలిస్ట్‌లోనే బూడిద రంగులో ఉంది, నొక్కితే ప్లే అవట్లేదు" అంది. ఆమెకే అలా ఉంటే, ఎవరెవరి ప్లేలిస్టుల్లో ఎలా ఉందో ఆలోచించండి. వాళ్లెవరూ మనకు ఫోన్ చేయరు కదా.

కాబట్టి, మళ్లీ చెప్తున్నాను. అదే రికార్డింగ్ ఆల్బమ్‌లోకి వెళ్తే అదే కోడ్. డిస్ట్రిబ్యూటర్‌ని మార్చినా అదే కోడ్, అదే ఆడియో, అదే పేరు, అదే స్పెల్లింగ్. కొత్తది పైకి వచ్చి, ప్లేలు కలిసి కనిపించాకే పాతది తీయండి. రీమిక్స్, లైవ్, ఇన్‌స్ట్రుమెంటల్, ఇవి వేరే రికార్డింగులు, వీటికి కొత్త కోడ్. పాట బయటికి వెళ్లిన రోజే కోడ్ ఈ పసుపు కాలమ్‌లో పడాలి.

పక్కన యూపీసీ. ఇది కూడా ఒక నంబరే, కానీ పాటకు కాదు, మొత్తం రిలీజ్‌కి. ఇందులో చిన్న తిరకాసు, కొన్ని సున్నాతో మొదలవుతాయి. షీట్‌లో కొట్టగానే, చూడండి, చూడండి, ఎగిరిపోయింది సున్నా. కాలమ్ సెలెక్ట్ చేసి, ఫార్మాట్‌లో ప్లెయిన్ టెక్స్ట్ చేసేయండి.

పిచ్. అంటే మన పాటను ప్లేలిస్టుల్లో పెట్టమని స్పాటిఫై ఎడిటర్లను అడగడం. స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో, రిలీజ్‌కి కనీసం 7 రోజుల ముందు. బయటికి వచ్చేసిన పాటని పిచ్ చేయలేరు. రాసుకోవడానికి 500 క్యారెక్టర్లు. అందులో "ఈ పాట మీ మనసును తాకుతుంది" అని రాయకండి, అక్కడికొచ్చే పాటలన్నీ మనసునే తాకుతాయి. నాది చదువుతాను. "నిదానమైన సింథ్ పాప్, ఆడ గొంతు, కోరస్‌లో డ్రమ్స్ ఆగిపోయి బేస్ ఒక్కటే ఉంటుంది. రాత్రి డ్రైవ్‌లో వినేది. రిలీజ్ వారంలో మూడు చిన్న వీడియోలు వస్తున్నాయి." అంతే. ఎడిటర్లకు ఏ బుట్టలో వేయాలో తెలియాలి.

ప్రమోషన్ గురించి ఇంకొక్కటి. "10 వేల ప్లేలు గ్యారంటీ" అని మెయిల్స్ వస్తాయి మీకు. డిలీట్. ప్లేలు వస్తాయి, సేవ్‌లు ఉండవు, ఫాలో అయ్యేవాళ్లు ఉండరు, అందరూ ఒకే ఊరి నుంచి వింటున్నట్టు ఉంటుంది. 2024 నుంచి ఇలాంటివి దొరికితే స్పాటిఫై డిస్ట్రిబ్యూటర్లకూ లేబుళ్లకూ జరిమానా వేస్తోంది, వాళ్లు ఊరుకుంటారా, పాట తీసేస్తారు. అదే ఏడాది నుంచి ఒక పాటకి గత 12 నెలల్లో కనీసం 1000 స్ట్రీమ్‌లు ఉంటేనే అక్కడ రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకి వస్తుంది. ఆ వెయ్యి కోసం కొనుక్కుని, ఉన్న పాట పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఒక ప్లే లెక్కలోకి రావాలంటే 30 సెకన్లు వినాలి. నేను 40 సెకన్ల ఇంట్రోలు చేయడం మానేసింది అందుకే. మానేశాను అంటే, తగ్గించాను.

వేరేవాళ్ల పాటకి పనిచేస్తే ఎంత అడగాలి అంటారా? ఫీజు పూర్తిగా ఇస్తే మాస్టర్‌లో మూడు నుంచి అయిదు పాయింట్లు మామూలు, పాయింట్ అంటే ఒక శాతం. ఫీజు తగ్గించమంటే వాటా పెంచమంటాను. రెండూ తగ్గించమంటే పాట బాగుందని చెప్పి ఇంటికెళ్తాను.

చివరి గడి, రిలీజ్‌కి ముందు రోజు. ఆర్టిస్ట్ పేజీ సరిచూడటం. ఒకే పేరుతో ముగ్గురు ఉంటారు, పాట వేరేవాళ్ల పేజీలో పడుతుంది. పేరు కాదు, పేజీ లింక్ చూసుకోండి, మీదేనా కాదా అని. ఈ గడి పక్కన నేను టిక్ పెట్టను, చూసిన టైమ్ రాస్తాను. టిక్ అయితే చూడకుండానే పెట్టేస్తాను, నా మీద నాకే నమ్మకం లేదు. ఖాళీ షీట్ లింక్ కింద ఉంది, ముందు కాపీ చేసుకుని అప్పుడు నింపండి. పోయినసారి ఎవరో నా దాంట్లోనే నింపేశారు.